గూడు బండి నుంచి మోటారు హోం దాకా

పోయిన చలికాలంలో ఒక శనివారం పొద్దున్నే టెక్సాస్ నుంచి మా అక్కయ్య ఫోన్ చేసింది. మాకు అల్ కుసైస్‌లో పొద్దున ఎనిమిదంటే వాళ్లకి ముందురోజు రాత్రి పది. ఆ వేళప్పుడు ఫోన్ మోగితే పరాయి దేశంలో ఉన్నవాళ్లకి గుండె గుభేలుమంటుంది.

"మీ బావగారు ఇల్లు కొన్నార్రా" అంది.

"మంచిదేగా అక్కయ్యా, ఎక్కడ?"

"ఎక్కడేమిటి, మా ఇంటి ముందే. చక్రాల మీద నిలబెట్టారు. ఉన్న ఇల్లు ఊడ్చుకోలేక నేను ఛస్తుంటే దానికి తోడు ఇంకో ఇల్లు. అందులో వంటిల్లు కూడానట! ఎవరు వండుతారు? ముప్ఫై ఏళ్లు అప్పు కట్టి ఈ ఇల్లు మనది అనిపించుకున్నాం. ఇప్పుడు దీనికి తాళం పెట్టి రోడ్డున పడదాం అంటున్నారు. నువ్వు చరిత్ర పుస్తకాలు తిరగేస్తుంటావు కదా, మనుషులకి ఈ పిచ్చి ఎప్పటినుంచి పట్టిందో కాస్త చెప్పు."

ఇంతలో బావగారు ఫోన్ లాక్కున్నారు. "ఏమోయ్, దాని మాటలు పట్టించుకోకు. స్వేచ్ఛ అంటే ఏమిటో ఈ బండి ఎక్కితే తెలుస్తుంది" అన్నారు.

అక్కయ్య నవ్వుతూనే అడిగినా ఆ "రోడ్డున పడటం" అన్న మాట నన్ను వదల్లేదు. మన భాషలో అంతకంటే పెద్ద ఆపద లేదు. అప్పులపాలైనవాడు రోడ్డున పడతాడు, దిక్కులేని సంసారం రోడ్డున పడుతుంది. అలాంటిది, ఇల్లూ వాకిలీ ఉన్నవాళ్లు లక్షలు పోసి రోడ్డు మీద పడుకునే హక్కు ఎందుకు కొనుక్కుంటారు? నేను చరిత్రకారుణ్ణి కాను. తీరిక వేళల్లో నాకు తోచిన జవాబు ఈ సంచిక పాఠకులతో పంచుకుంటున్నాను.

లెక్క కుదరని బేరం

వృత్తిరీత్యా నేను పద్దులు రాసేవాణ్ణి. అందుకని ముందు కాగితం మీద లెక్క వేశాను.

బావగారు కొన్నదాన్ని అమెరికాలో 'క్లాస్ సి' అంటారు. ట్రక్కు ఇంజనూ, చట్రమూ తీసుకుని వాటి మీద గది కడతారు. డ్రైవరు నెత్తి మీద ఒక మంచం ఉంటుంది. బస్సంత ఉండేది 'క్లాస్ ఎ'. వ్యానులోనే అన్నీ ఇరికించినది 'క్లాస్ బి'. సొంత ఇంజను లేకుండా కారు వెనక తగిలించుకుని లాక్కుపోయేది ట్రైలరు. ఇంగ్లండులోనూ మా ఎమిరేట్స్‌లోనూ దాన్ని కారవాన్ అంటారు. ఏ రకమైనా లోపలి ఏర్పాటు ఒకటే. మంచినీళ్లకి ఒక ట్యాంకు, స్నానం చేసిన నీళ్లకి ఒకటి, మరుగుదొడ్డికి ఒకటి. మొదటిది నింపుకోవాలి. మిగతా రెండూ నిండాక వాటి కోసం కట్టిన చోటికి పోయి, గొట్టం తగిలించి ఖాళీ చేసుకోవాలి. వంటకి గ్యాసు, దీపాలకి బ్యాటరీ, ఏసీకి క్యాంపు గ్రౌండులో కరెంటు ప్లగ్గు.

ఇల్లు కొంటే ధర పెరుగుతుందని ఆశ. ఈ బండి ధర షోరూము గేటు దాటగానే పడిపోతుంది. బీమా కట్టాలి. చాలా కాలనీల్లో ఇంటి ముందు రోజుల తరబడి నిలపనివ్వరు కాబట్టి, వాడని నెలల్లో అద్దె చోటు చూసుకోవాలి. గాలనుకి పది మైళ్లు ఇస్తే గొప్ప. ఏడాదికి మూడు నాలుగు వారాలు తిరిగేవాళ్లకి అద్దెకు తీసుకోవడమే నయం. హోటలు ఖర్చు మిగులుతుందని బావగారు చెప్పిన లెక్క ఏ కోశానా నిలబడలేదు.

మరి మిగతా కారణాలు? మన పక్క మీద మనం పడుకోవచ్చు. మన మరుగుదొడ్డి మనకుంటుంది. ఎల్లోస్టోన్ పార్కులో చారు కాచుకోవచ్చు. ముందుగా గదులు బుక్ చేసుకోకుండా నచ్చిన చోట రెండు రోజులు ఎక్కువ ఉండొచ్చు. కుక్కపిల్లని వెంట తీసుకెళ్లొచ్చు. అన్నీ నిజమే. అయితే ఇవన్నీ బండి కొన్నాక అనుభవించే సుఖాలు. ఇంట్లో ఇంతకంటే ఎక్కువ సుఖం ఉంది. అసలు ఇల్లు దాటాలన్న కోరిక ఎక్కడ పుట్టింది?

బిడారు, కార్వాన్, వ్యాను

మన హైదరాబాదులో గోల్కొండకు పోయే దారిలో కార్వాన్ అనే పేట ఉంది. కుతుబ్‌షాహీల కాలంలో వజ్రాల వర్తకుల బిడారులు దిగిన చోటు అది. 'కార్వాన్' పారశీక పదం. కలిసి ప్రయాణం చేసే బాటసారుల గుంపు అని అర్థం. అదే మాట యూరపు వెళ్లి ఇంగ్లీషులో 'కారవాన్' అయింది. గుంపు పేరు కాస్తా పైకప్పున్న బండికి పేరయింది. దాని తోక తెగి 'వ్యాన్' అయింది. అంటే కార్వాన్ పేటలో పాలవ్యాను ఆగిందంటే మాటకి మాట ఎదురుపడ్డట్టే. ఈనాటి తెలుగువాళ్లకి మటుకు కారవాన్ అంటే హీరోగారు మేకప్ వేసుకునే బస్సు!

మన నేల మీద అసలైన బిడారులు లంబాడీలవి. వేలాది ఎడ్ల మీద ధాన్యం, ఉప్పు మోసుకుంటూ సంసారాలతో సహా సాగిపోయేవారు. మొఘలు సేనలకీ, నిజాం సేనలకీ, మైసూరు యుద్ధాల్లో ఇంగ్లీషువాళ్లకీ తిండిగింజలు చేర్చింది వాళ్లే. రైలు వచ్చాక ఎద్దు వీపు మీది వ్యాపారం దెబ్బతింది. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చింది. తరతరాలుగా తిరుగుతూ బతికిన ఎన్నో తెగల మీద పుట్టుకతోనే నేరస్థులన్న ముద్ర పడింది. స్థిరమైన ఇల్లు లేకపోవడమే అనుమానానికి కారణమైంది. ఈ 1871 సంవత్సరాన్ని గుర్తు పెట్టుకోండి, మళ్లీ దానితో పని ఉంది.

వీరాస్వామయ్యగారి డేరాలు

ఇల్లున్నవాళ్లు ఇంటిని వెంటబెట్టుకుపోయిన ప్రయాణానికి తెలుగులో గొప్ప సాక్ష్యం ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్ర. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే 18న మద్రాసులో బయలుదేరి తిరుపతి, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, ప్రయాగ మీదుగా కాశీ చేరి, గయ, కలకత్తా, పూరీ చూసుకుని 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. వెంట దాదాపు వందమంది పరివారం. పల్లకీలు, బోయీలు, వంటవాళ్లు, డేరాలు. ప్రతి మజిలీలో నీళ్లు మంచివా కావా, పచారీ సామాను దొరుకుతుందా, దిగడానికి చోటు ఉందా అన్నది మిత్రులు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లె గారి కోసం రాసిపెట్టారు. పిళ్లెగారు దాన్ని 1838లో అచ్చు వేయించారు. ఇప్పటివాళ్లు క్యాంపు గ్రౌండులో నీటి కుళాయి, కరెంటు ప్లగ్గు ఉన్నాయా అని ఫోనులో చూసుకుంటారే, వెనకటికి ఆ పని చేసిపెట్టిన పుస్తకం అది.

అయితే ఒక తేడా ఉంది. వీరాస్వామయ్యగారు సరదా కోసం డేరా వేసుకోలేదు. పుణ్యం కోసం బయలుదేరారు. దారిలో వేరే గతి లేక డేరా వేశారు. రైలు ఉంటే రైలెక్కేవారే.

నా చిన్నతనంలో కోటప్పకొండ తిరునాళ్లకి మా ఊరి నుంచి గూడు బండ్లు కట్టేవారు. వెదురు బద్దలు వంచి, పైన చాప కప్పి, లోపల వరిగడ్డి పరిచి, దాని మీద బొంత వేసేవారు. బండి కింద లాంతరు వేలాడేది. పులిహోర, అరిసెలు, మంచినీళ్ల కూజా, ఎడ్లకి గడ్డిమోపు, అన్నీ బండిలోనే. దారిపక్క చెట్టు కింద మూడు రాళ్లు పెట్టి అన్నం వండేవారు. రాత్రి ఆడవాళ్లూ పిల్లలూ గూటి కింద, మగవాళ్లు బండి కింద పడుకునేవారు. పక్క గది, వంటిల్లు, సామాను కొట్టు, ఇంజను అన్నీ ఉన్నాయి. అంతకంటే మోటారు హోం ఇంకేమిటి? బస్సులు వచ్చిన మరుసటి ఏడాదే మా నాన్నగారు గూడు విప్పేసి కట్టెల పొయ్యికి వాడించారు. ఒక్కరూ అయ్యో అనలేదు. పిల్లలం మాత్రం ఏడ్చాం. ఎడ్ల మేత, చక్రం ఇరుసు, దొంగల భయం చూసుకునే బాధ్యత మాది కాదు కదా!

1885

చరిత్రలో కొన్ని సంవత్సరాలు మనల్ని ఆటపట్టిస్తాయి. అలాంటిదే 1885.

ఆ ఏడాది కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావుగారి కుటుంబం కీచకవధ నాటకం ఆడింది. అక్కడి నుంచి సురభి నాటక సమాజాలు పుట్టాయి. సంసారాలు, పిల్లలు, తెరలు, వంటపాత్రలు అన్నీ వేసుకుని ఊరూరా తిరగడమే వాళ్ల బతుకు. తెర వెనకే పుట్టి, తెర వెనకే పెరిగి, మాటలు రాగానే వేషం కట్టిన తరాలు అవి.

సరిగ్గా అదే ఏడాది ఇంగ్లండులో గోర్డన్ స్టేబుల్స్ అనే నౌకాదళ మాజీ వైద్యుడు, పిల్లల కథల రచయిత, రెండు గుర్రాల బండి ఒకటి ప్రత్యేకంగా చేయించుకున్నాడు. బ్రిస్టల్ వ్యాగన్ కంపెనీ కట్టిన ఆ బండి పేరు 'వాండరర్'. లోపల సోఫా, పుస్తకాలు, వంటకి చోటు. వెంట బండి తోలేవాడు, నౌకరు, కుక్క, చిలక. ఎదురుగా వచ్చే బళ్లకి దారి సిద్ధం చేయడానికి నౌకరు మూడు చక్రాల సైకిలు మీద ముందు పోయేవాడు. అలా దాదాపు 1300 మైళ్లు తిరిగి 1886లో పుస్తకం రాశాడు. విహారం కోసమే కట్టించుకున్న కారవాన్లలో మొదటిదిగా దాన్ని చెప్పుకుంటారు. 1907లో అక్కడ కారవాన్ క్లబ్ ఏర్పడింది.

స్టేబుల్స్ చూసి ముచ్చటపడింది జిప్సీల బళ్లని. ఆ జిప్సీలు ఊరి బయట గుర్రాలు విప్పితే పోలీసులు తరిమేవారు. దొరగారు అలాంటి బండిలోనే దిగితే ఊరి పెద్దలు పలకరించడానికి వచ్చేవారు. ఇప్పుడు 1871 సంగతి మళ్లీ తలుచుకోండి. ఒకే సామ్రాజ్యం, పదిహేనేళ్లు కూడా తేడా లేదు. ఇల్లు లేనివాడు తిరిగితే నేరం, ఇల్లున్నవాడు తిరిగితే వేడుక.

తగరపు డబ్బా యాత్రికులు

అమెరికాకు వద్దాం. పడమటికి జరుగుతూ పోవడమే అక్కడి వలసదారుల చరిత్ర. కాన్వాసు కప్పిన బళ్లలో నెలల తరబడి ప్రయాణం చేసినవాళ్లు అది సరదా అని ఎక్కడా రాయలేదు. కలరా గురించి, విరిగిన చక్రాల గురించి, దారిలో పాతిపెట్టిన పసిబిడ్డల గురించి రాశారు. 1890 జనాభా లెక్కల తర్వాత, జనం లేని సరిహద్దు అంటూ ఇక మిగలలేదని ప్రభుత్వం ప్రకటించింది. 1908లో ఫోర్డు మోడల్ టి కారు వచ్చింది. 1910లో న్యూయార్కు ప్రదర్శనలో పియర్స్ ఆరో కంపెనీ 'టూరింగ్ లాండో' అనే కారు పెట్టింది. వెనక సీటు విప్పితే పక్క, చేతులు కడుక్కునే బేసిను, డ్రైవరుతో మాట్లాడటానికి ఫోను, అత్యవసరానికి మరుగు పాత్ర కూడా ఉండేవి. తాతల బండి ప్రయాణం ఆగి ఒక తరం గడిచిందో లేదో, మనవలు దాన్ని డబ్బిచ్చి తిరిగి కొనుక్కోవడం మొదలుపెట్టారు.

ఫోర్డు, ఎడిసన్, టైర్ల ఫైర్‌స్టోను, ప్రకృతి రచయిత జాన్ బరోస్ కలిసి 1920ల దాకా వేసవిలో క్యాంపింగుకి పోయేవారు. వెనక వంట లారీ, నౌకర్లు, ఫొటోలు తీసేవాళ్లు. 1921లో అధ్యక్షుడు హార్డింగ్ కూడా వచ్చి వాళ్లతో గడిపాడు. పరివారం మాటకొస్తే వీరాస్వామయ్యగారికీ వీళ్లకీ పెద్ద తేడా లేదు. మామూలు జనం 1919లో ఫ్లోరిడాలోని టాంపాలో 'టిన్ కాన్ టూరిస్ట్స్' అని సంఘం పెట్టుకున్నారు. కారు రేడియేటరు మూతకి తగరపు డబ్బా అతికించుకోవడం వాళ్ల గుర్తు. మొదట్లో ఊళ్లు వీళ్లకి ఉచితంగా చోటిచ్చాయి. తర్వాత పేదవాళ్లు కూడా అదే చోట దిగి ఉండిపోతున్నారని రుసుము పెట్టాయి.

అమెరికా చరిత్రలో మరీ కళ్లు తెరిపించే ఏడాది 1936. ఆ ఏడు వాలీ బ్యామ్ కాలిఫోర్నియాలో 'ఎయిర్‌స్ట్రీమ్ క్లిపర్' ట్రైలరు తయారుచేశాడు. వెండిలా మెరిసే అల్యూమినియం ఒళ్లు, నలుగురికి పక్కలు, సొంత నీళ్లు, విద్యుద్దీపాలు. అదే ఏడాది ఫిబ్రవరిలో లాస్ ఏంజెలస్ పోలీసులు కాలిఫోర్నియా సరిహద్దులకి పోయి నిలబడ్డారు. కరువుతో, మాంద్యంతో చితికి, పాత కార్ల మీద పరుపులు కట్టుకుని వచ్చే కుటుంబాల్ని చేతిలో డబ్బు లేదని వెనక్కి పంపారు. ఇద్దరి ఇల్లూ చక్రాల మీదే ఉంది. ఒకరికి వెనక ఇంకో ఇల్లుంది, ఇంకొకరికి లేదు. అంతే తేడా.

యుద్ధం తర్వాత 1956లో అంతర్‌రాష్ట్ర రహదారుల చట్టం వచ్చింది. 1966 నుంచి అయోవా రాష్ట్రం ఫారెస్ట్ సిటీలో విన్నెబాగో కంపెనీ మోటారు హోంలు బారులు తీరి తయారుచేసింది. 1969లో చంద్రుడి మీద నడిచి వచ్చినవాళ్లని సైతం మార్చి కట్టిన ఎయిర్‌స్ట్రీమ్‌లోనే విడిగా ఉంచారు. కరోనా కాలంలో హోటళ్లంటే భయపడిన జనం బండ్ల మీద పడ్డారు. 2021లో ఆరు లక్షలకు పైగా అమ్మకానికి బయటికొచ్చాయి. నాణేనికి రెండోవైపు కూడా ఉంది. 2008 ఆర్థిక సంక్షోభంలో ఇళ్లూ పొదుపులూ పోగొట్టుకున్న పెద్దవయసువాళ్లు వ్యాన్లలో కాపురం పెట్టి, గిడ్డంగుల్లో సీజను పనులకి తిరిగారు. వాళ్ల గురించి జెస్సికా బ్రూడర్ 2017లో 'నోమాడ్‌లాండ్' పుస్తకం రాసింది. దాని ఆధారంగా తీసిన సినిమాకి 2021లో ఆస్కార్ వచ్చింది.

మన రథం

చక్రాల ఇంటిని తెలుగువాళ్లు కళ్లారా చూసింది 1982లో. ఆ మార్చి 29న తెలుగుదేశం పార్టీ ప్రకటించాక ఎన్.టి. రామారావుగారు పాత షెవర్లే వ్యాను ఒకదాన్ని బాగుచేయించి 'చైతన్య రథం' అన్నారు. కుమారుడు హరికృష్ణ నడిపారు. పైకప్పు వేదిక, లోపల పక్క. రోడ్డు పక్కనే స్నానం, రోడ్డు పక్కనే భోజనం. కొత్త పార్టీ తొమ్మిది నెలల్లో, 1983 జనవరి ఎన్నికల్లో, రెండు వందలకు పైగా స్థానాలు గెలిచింది. ఎవరి రాజకీయాలు ఎలా ఉన్నా, ఒక పెద్దాయన దారిపక్క కూర్చుని అన్నం తినడం చూసి జనం ఎందుకు కరిగిపోయారు? ఆయనకి బంగళా ఉందని అందరికీ తెలుసు. ఉండి కూడా వచ్చాడు. దారిపక్క రోజూ అదే అన్నం తినే బాటసారి వంక మటుకు ఎవరూ చూడరు.

ఇసుకలో ఇళ్లు

నేనుండే అల్ కుసైస్ దుబాయికీ షార్జాకీ పొలిమేర. ఇప్పుడు అపార్టుమెంట్లు, గ్యారేజీలు, మెట్రో గ్రీన్ లైను చివరి స్టేషను. 1970లలో ఇక్కడ తవ్వితే వేల ఏళ్ల నాటి సమాధులు, కంచు సామాను బయటపడ్డాయి. పాము బొమ్మలు దొరికిన చోటిని 'సర్పాల దిబ్బ' అంటారు.

ఇక్కడి బెదూలు ఉన్నది మేకవెంట్రుకల డేరాలో. 'బైత్ అల్ షార్' అంటారు, అంటే వెంట్రుకల ఇల్లు. దాన్ని నేసేది ఆడవాళ్లు. తడిస్తే నూలు ఉబ్బి సందులు మూసుకుంటాయి, ఎండలో తెరుచుకుని గాలి ఆడుతుంది. ఒంటె మీద వేసుకుని మేత ఉన్న చోటికి పోయేవారు. సముద్రం ఒడ్డువాళ్లు ఎండాకాలంలో ఖర్జూరపు తోటలున్న ఒయాసిస్సులకు తరలిపోయేవారు. వాళ్ల 'సదు' నేతను 2011లో యునెస్కో అత్యవసరంగా కాపాడవలసిన వారసత్వాల జాబితాలో చేర్చింది. అవసరం తీరిపోయింది, చేతులు మరిచిపోతున్నాయి. దుబాయిలో 1966లో చమురు పడింది. 1971 డిసెంబరు 2న దేశం ఏర్పడింది. ఒక్క తరంలో డేరా నుంచి విల్లాకి వచ్చారు.

వచ్చి ఏంచేశారు? చలికాలం రాగానే మళ్లీ ఇసుకలోకి పోతున్నారు. అల్ అవీర్ వైపు ఎమిరాతీ కుటుంబాలు మున్సిపాలిటీ అనుమతితో నెలల పాటు శిబిరాలు వేసుకుంటాయి. డేరా పక్కన కారవాన్, జనరేటరు, పిల్లలకి ఇసుక బైకులు. అబూదాబీకి చెందిన షేక్ హమద్ బిన్ హమ్దాన్ అల్ నహ్యాన్ కోసం 1990లో కట్టిన కారవాన్ గిన్నెస్ పుస్తకానికెక్కింది. 20 మీటర్ల పొడవు, అయిదంతస్తులు, 120 టన్నులు. ఎనిమిది పడకగదులు, ఎనిమిది స్నానాల గదులు, నాలుగు కార్ల గ్యారేజీలు! తాతగారు ఒంటె మీద కట్టుకున్నదానికి మనవడి జ్ఞాపకం అంత పొడుగు పెరిగింది.

ఇంగ్లండులో రైలు వచ్చాక, అమెరికాలో సరిహద్దు ముగిశాక, ఎడారిలో చమురు వచ్చాక. ఎక్కడ చూసినా ఒకటే వరస. కదలక తప్పనంత కాలం ఎవరూ దాన్ని సరదా అనలేదు. కదలడం మానేసిన తరమో, ఆ తర్వాతి తరమో చక్రాల ఇల్లు కొంటుంది. కొనేది ప్రయాణాన్ని మాత్రమే కాదు, ఎప్పుడంటే అప్పుడు మానుకోగలిగే ప్రయాణాన్ని.

పైసలు పెట్టి క్యాంపుల

ఈ మాట ఇంత తేటగా నాకు అర్థమైంది పుస్తకాల వల్ల కాదు. అల్ కుసైస్‌ని ఆనుకునే ముహైస్నా రెండు ఉంది. మనవాళ్లు సోనాపూర్ అంటారు. పేరుకి బంగారు ఊరు. ఉన్నవి కార్మికుల క్యాంపులు. మా ఆఫీసులో పనిచేసే జగిత్యాల జిల్లా కుర్రవాడు ఒకడు అక్కడ ఉంటాడు. మంచం మీద మంచం ఉండే గదిలో పై మంచం వాడిది. అక్కయ్య ఫోన్ చేసిన వారంలో వాడికి బావగారి బండి ఫొటో చూపించి క్యాంపింగు గురించి చెప్పాను. వాడు శ్రద్ధగా విని అన్నాడు.

"క్యాంపుల ఉండొద్దనే కద సార్ మేం ఇంత తిప్పలు వడుతున్నం. వాళ్లు పైసలు పెట్టి క్యాంపుల ఉంటరా?"

నేను నవ్వలేకపోయాను. కలెక్టరుగారు జమాబందీకి ఊరికొస్తే దాన్నీ క్యాంపు అన్నాం. వీడి మంచాన్నీ క్యాంపే అంటున్నాం. అల్ అవీర్‌లో షేకుల డేరాలూ క్యాంపే. ఒకే మాట ఇన్ని బతుకుల్ని కప్పేస్తుంది.

ఒక శనివారం రాత్రి వాణ్ణీ, వాడి గదిలో ఉండే ఇంకొకణ్ణీ వెంటబెట్టుకుని మేమిద్దరం మలీహా దారిలో ఇసుకలోకి పోయాం. కారవాన్ లేదు, ఏమీ లేదు. లులులో కొన్న చిన్న డేరా, చాప, స్టవ్వు. మా ఆవిడ ఉప్మా చేసింది. వాళ్లు డేరాలోకి రాలేదు, బయటే చాప మీద వెల్లకిలా పడుకున్నారు. చాలాసేపటికి వాడు అన్నాడు.

"మక్క చేను కావలికి మంచె మీద పండుకున్నట్టే ఉన్నది సార్. అప్పుడు గది తిప్పలనిపించేది."

తెల్లవారుజామున మూడున్నరకే లేచి బయలుదేరాం. ఆదివారం ఓవర్‌టైం ఉంది, అయిదింటికి వాళ్ల డ్యూటీ బస్సు. సూర్యోదయం చూడకుండానే వెనక్కి వచ్చాం.

ఇక నా సంగతి. పాతికేళ్లుగా అల్ కుసైస్‌లో అద్దెకుంటున్నాను. మా తరంవాళ్లకి ఉద్యోగం ఉన్నంత కాలమే వీసా. 2019లో గోల్డెన్ వీసా, 2020లో దుబాయి రిటైర్మెంటు వీసా వచ్చాయి గానీ వాటికి కావలసిన ఆస్తీ ఆదాయమూ నాలాంటి గుమాస్తాకి లేవు. ఏడాదిలో సామాను సర్దుకోవాలి. ఇక్కడి ఇల్లు నాది కాదు, ఊళ్లో ఇల్లు పడిపోయింది. అందుకే కాబోలు, బావగారి బండి చూస్తే నాకు ముచ్చట కంటే భయం ముందు కలిగింది. నాకు చక్రాలు అక్కర్లేదు, నాలుగు గోడలు కావాలి. పోయిన నెల ఊళ్లో మేస్త్రికి ఫోన్ చేసి పునాది సంగతి మాట్లాడాను.

మొన్న అక్కయ్యకి ఫోన్ చేసి నా జవాబు చెప్పాను. "అక్కయ్యా, బావగారు నిన్ను రోడ్డున పడేయడం లేదు. మీ ఇద్దరూ కలిసి ముప్ఫై ఏళ్లు కట్టిన ఇల్లు అక్కడ కదలకుండా ఉంటుందన్న ధైర్యంతోనే ఆయన బయలుదేరుతున్నారు. ఆ ఇల్లు లేనివాడు ఈ బండి కొనడు, గతిలేక అందులో బతుకుతాడు. నువ్వు ఆ ఇంటిని నిలబెట్టావు గనకే ఆయనకి ఈ సరదా పుట్టింది. వెళ్లు. వంట మాత్రం ఆయన్ని చేయమను."

అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత అంది, "సరేలే. ఆ బండిలో పోపుల డబ్బా ఎక్కడ పెట్టాలో చూడాలి."